మూడు వందల శాతం అదృష్టం

జూన్ 9, సోమవారం

ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, ఇంజనీరు, పట్టపగలు పదకొండు గంటలకు హాల్లో కూర్చుని ఒకే గుహలోకి ముప్పై ఏడోసారి వెళ్తున్నాడు. లెక్కపెట్టాను కాబట్టి రాస్తున్నాను. మోకాలు వాచి ఉండకపోతే లేచి నా గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. డాక్టరు నడక తగ్గించమన్నాడు. అందుకని సోఫాకు ఈ చివర నేను, ఆ చివర నా మనవడు నితీష్, ఎదురుగా టీవీ నిండా రాక్షసులు.

జనవరి పదిహేడున వీణ్ణి కంపెనీ పంపించేసింది. పదకొండు నిమిషాల మీటింగు. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ కూడా తీసుకున్నారు. అప్పటినుంచి ఇదే సోఫా. ఆరు నెలలు దాటితే రెజ్యూమేలో గ్యాప్ ఉందని చదవకుండానే పక్కన పడేస్తారట. అంటే జూలై పదిహేడు. ఈ తేదీ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒక్కరమూ పైకి అనం.

ఏం చేస్తున్నావురా అని అడిగాను.

"లక్ పెంచుకుంటున్న అమ్మమ్మా."

టోపీ, బూట్లు, రెండు ఉంగరాలు, మెడలో తాయెత్తు. ఒక్కొక్కటి తొడుక్కుంటే అదృష్టం ఇంత శాతం పెరుగుతుందట. అదృష్టం పెరిగితే చచ్చిన రాక్షసుడి నుంచి మంచి వస్తువులు రాలతాయట. తెల్లవి చెత్త, నీలివి పరవాలేదు, పసుపువి అరుదు. వాడి ఒంటి మీద ఉన్నదంతా కలిపితే మూడు వందల శాతం.

"దేనిమీద మూడు వందలు?" అన్నాను.

"అంటే?"

"నూటికి ఒకటి వచ్చేది నాలుగైతదా? నూటికి పావు వచ్చేది ఒకటైతదా? మూలం ఎంత?"

"గేమ్ల అది చూపియ్యరు."

ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పాను. దేనిమీద శాతమో చెప్పకుండా శాతం రాసిన పిల్లకు సున్నా వేసేదాన్ని. ఇక్కడ ఒక కంపెనీ అదే తప్పు చేసి లోకం మీదికి వదిలింది, నా ఇంటి ఇంజనీరు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు.

జూన్ 10, మంగళవారం

నవనీతతో మళ్లీ గొడవ. నా కూతురే, కానీ కరెంటాఫీసులో ఇరవై ఏళ్లు పనిచేసి అందరినీ కౌంటరు ముందు నిలబడ్డవాళ్లలాగా చూడటం నేర్చుకుంది. కొడుకును ఎక్కడ పడితే అక్కడ అప్లై చెయ్యమంటుంది. రోజుకు పది పెట్టమంటుంది.

కూలి అడ్డా మీద నిలబడ్డట్టు నిలబడాలా నా మనవడు అన్నాను.

"అడ్డా మీద నిలబడ్డోళ్లకు సాయంత్రానికన్న పని దొరుకుతదమ్మా," అంది, చెప్పులు వేసుకుంటూ. జవాబు చెప్పేలోపల లిఫ్టు ఎక్కేసింది. చెప్పులు వేసుకుంటూ మాట్లాడేవాళ్లతో వాదన గెలవలేం.

జనవరి నుంచి వాడు అప్లై చేసింది మూడంటే మూడు చోట్ల. అవి మంచివి కాబట్టి. మొదటి రెండింటి నుంచీ చప్పుడు లేదు. మూడోది మియాపూర్‌లో. నలభై మంది ఉన్న ఆఫీసు, కింద టైర్ల దుకాణం. రెండుసార్లు పిలిచి మాట్లాడారు. అది వద్దని ఏప్రిల్‌లో నేను సలహా ఇచ్చాను. ఇంకో సర్టిఫికెట్ చెయ్యి, దానికి తగ్గట్టు మంచిది వస్తది అన్నాను. సలహానే. వాడు కూడా అలాగే చేశాడు కదా. రెండు సర్టిఫికెట్లు అయ్యాయి, మూడోది నడుస్తోంది.

జూన్ 11, బుధవారం

కొలవకుండా నమ్మడం నా వల్ల కాదు. నితీష్‌ను ఆ అదృష్టం సామగ్రి అంతా విప్పెయ్యమన్నాను. మామూలు కవచం, మామూలు కత్తి. బీరువాలో మిగిలిపోయిన హాజరు రిజిస్టర్ తీశాను. ఒక రాక్షసుడికి ఒక గీత, నాలుగు గీతలకు ఒక అడ్డగీత. పసుపు వస్తువు రాలితే ఎర్ర పెన్నుతో చుక్క. ఆరు వందల రాక్షసులు అదృష్టం లేకుండా, ఆరు వందలు అదృష్టంతో. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మధ్యాహ్నం భోజనం నుంచి టీ దాకా. అంతకు మించి ఆ మోత నేను భరించలేను.

వాడు నవ్వాడు. జనవరి తర్వాత వాడి పళ్లు చూడటం ఇదే మొదటిసారనుకుంటాను. నేను పని లేక చేస్తున్నానని అనుకుంటున్నాడేమో. కాదు.

జూన్ 13, శుక్రవారం

అదృష్టం లేకుండా: 600కు 12. నూటికి రెండు. మూడో రోజు టీ పొయ్యి మీద పెట్టకముందే అయిపోయింది.

జూన్ 14, శనివారం

అదృష్టంతో మొదలు. అన్నీ తొడిగాడు. తాయెత్తుతో సహా పెళ్లికొడుకులా ఉన్నాడు. చేతిలో కత్తి కూడా మార్చాడు, అదృష్టం ఉన్న కత్తికి పదును తక్కువట. దెబ్బ కొడితే రాక్షసుడు గోక్కుంటున్నాడు.

నవనీత ఇంట్లో ఉంది ఈ రోజు. తల్లీ, అమ్మమ్మా, మనవడూ ముగ్గురం టీవీ ముందు. ఇద్దరం చూస్తున్నాం, ఒకరు మమ్మల్ని చూస్తున్నారు. "ఇద్దరు కలిసి మంచి కొలువు దొరికిచ్చుకున్నరు," అంది. నేను గీత గీస్తున్నాను కాబట్టి తల ఎత్తలేదు.

జూన్ 17, మంగళవారం

ఈ రోజు ఆరుసార్లు చచ్చాడు. చచ్చినప్పుడల్లా ఊళ్లో లేచి గుహ దాకా మళ్లీ నడక. అవి లెక్కలోకి రావు. చంపినవే లెక్క.

జూన్ 19, గురువారం

ఆట మధ్యలో, అడక్కుండానే, స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"మియాపూరోళ్లు మళ్ల పిలుస్తమన్నరు అమ్మమ్మా. పిలువలే."

పోనీలే అన్నాను.

"నాకు నచ్చింది ఆ ఆఫీసు. చిన్నగనే ఉంది గని, పని మంచిగుంది. ఇగ మళ్ల నేనే ఫోన్ చేసి అడుగుడేంది, వద్దనుకున్నరేమో అని ఊకున్న."

ఒక రాక్షసుడు చచ్చాడు. గీత గీశాను. ఒకటికి బదులు రెండు గీశాను, కొట్టేశాను.

నా సలహా మీద ఆగాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాడు ఫోన్ కోసం ఎదురుచూశాడట.

ఏప్రిల్ సంగతి గురించి ఇక్కడ రాయవలసిందేమీ లేదు.

జూన్ 21, శనివారం

ఎనిమిది రోజులు పట్టింది. అదృష్టంతో: 600కు 27. నూటికి నాలుగున్నర.

కాబట్టి పనిచేస్తుంది. రెండింతల పైచిలుకు. కానీ వాళ్లు చెప్పిన మూడు వందల శాతం ఎక్కడ? వచ్చింది నూట ఇరవై ఐదే. నితీష్‌ను నిలదీస్తే, పెంచినకొద్దీ లోపల కొంత కోసేస్తారని, అందరికీ తెలుసని అన్నాడు. అందరికీ తెలిస్తే అంకె ఎందుకు మార్చరని అడిగాను. పెద్ద అంకె చూస్తే జనానికి మంచిగనిపిస్తదట. నా సర్వీసులో ఇటువంటి జవాబు విని ఊరుకున్నది ప్రిన్సిపాల్ దగ్గర ఒక్కసారే.

అయినా మూలసూత్రం నిలబడింది. ఓపికగా నాణ్యత పెంచుకున్నవాడికి మంచిదే వస్తుంది. రాత్రి భోజనాల దగ్గర నవనీతకు రిజిస్టర్ చూపించాను. ఏప్రిల్‌లో నేను చెప్పింది ఇదే అన్నాను. మూడో సర్టిఫికెట్ కానిద్దాం అన్నాను. నితీష్ కంచంలోకి చూస్తూ తిన్నాడు.

జూన్ 22, ఆదివారం

ప్రశాంతి వచ్చింది. నితీష్ టీమ్‌లోనే ఉండేది. ఆ పదకొండు నిమిషాల మీటింగులోనే దానికీ ఉద్యోగం పోయింది. ప్రగతి నగర్ నుంచి రెండు బస్సులు మారి, స్టీలు డబ్బాలో తీపి గరిజలు పట్టుకొచ్చింది. ఉద్యోగం దొరికిందట.

నలభై ఒక్క చోట్ల వద్దన్నారట. నలభై రెండోది వచ్చిందట. ఆ నలభై ఒకటినీ అది నవ్వుతూ చెబుతోంది. ఒకడు వీడియో కాల్‌లో పూరీ తింటూ ప్రశ్నలు అడిగాడట. ఒకచోట తన పేరే తప్పు పిలిచి, ఆ పేరుగలామె పనికిరాదన్నారట. నితీష్ పగలబడి నవ్వాడు. నాకు నచ్చలేదు. నలభై ఒక్క మందితో వద్దనిపించుకుని ఒక ఆడపిల్ల గరిజలు పంచుతుందా? అన్ని సర్టిఫికెట్లున్న మా వాడు ఇక్కడ కూర్చుని ఉంటే.

దాని ముందు కాస్త గొప్పకు రిజిస్టర్ తెరిచాను. ప్రతి పేజీ తిప్పింది. అడ్డగీతలు వేలితో లెక్కపెట్టింది. అదీ ఈ ఆట ఆడుతుందట, చాలా ఏళ్లుగా.

"మంచిగ చేసిన్రు అమ్మమ్మా. ఎంత సేపు పట్టింది?"

"ఆరు వందలకు ఆరు వందలు. సమానం."

"అట్ల గాదు. గంటకెన్ని?"

రిజిస్టర్ నా వైపు లాక్కున్నాను. అది గరిజ కొరుకుతూ, ఎదుటివాళ్లను చంపుతున్నానన్న స్పృహే లేకుండా చెప్పుకుపోయింది. బలం సామాన్లు తీసేసి లక్ సామాన్లు పెట్టుకుంటే ఒక్కొక్కడిని చంపేసరికి తెల్లారుతదట. మొదలు ఒక్క దెబ్బకు చచ్చేటట్టు ఉండాలట. అట్లుంటే అప్పుడు ఒక ఉంగరం లక్‌ది పెట్టుకున్నా నడుస్తదట. ఎక్కువ మందిని చంపితే రాలేది ఎట్లనో రాలుతదట.

"మీకు తెల్వదని గాదు," అంది. అది ఇంకా మంట.

జూన్ 23, సోమవారం

ఒళ్లు మండిపోతోంది.

రిజిస్టర్ ముందుంది. మొదటి ఆరు వందలు: పదకొండో తేదీ, పన్నెండు, పదమూడు టీకి ముందు. రెండో ఆరు వందలు: పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి. తేదీలు నా చేతిరాతలోనే ఉన్నాయి. ప్రతి పేజీకి పైన, కుడి మూలన, ఎర్ర గీత కింద. వాడు ఆరుసార్లు చచ్చిన రోజు నేనే రాసి, లెక్కలోకి రావని కూడా నేనే రాశాను.

గంటలకు ఒక కాలమ్ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి జూన్‌లో మొదటి క్లాసులో ఒకే మాట చెప్పేదాన్ని: కింద ఏముందో చూడకుండా పైనున్నదాన్ని నమ్మవద్దు. ఇప్పుడు గరిజ కొరుకుతూ ఒక పిల్ల నాకు ఆ పాఠం చెప్పిపోయింది. పైగా గరిజలు బాగున్నాయి.

నితీష్‌ను గడియారం పెట్టుకుని ఆడమన్నాను. లక్‌తో ఐదు గంటలు, లక్ లేకుండా ఐదు గంటలు, రోజు మార్చి రోజు కాదు, గంట మార్చి గంట. చచ్చిన నడక కూడా కాలంలోకే వస్తుంది.

"అమ్మమ్మా, ఇడిసిపెట్టు. గేమే గదా," అన్నాడు.

గేమే. నాకు తెలుసు అది గేమని.

జూన్ 27, శుక్రవారం

అదృష్టంతో ఐదు గంటలు: 201 రాక్షసులు, 9 పసుపు.
అదృష్టం లేకుండా ఐదు గంటలు: 648 రాక్షసులు, 13 పసుపు.

చిన్న నమూనా. ఇంకా కొలవాలి. అలా అనుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను.

ప్రశాంతి చెప్పినట్టు బలం అలాగే ఉంచి ఒక్క ఉంగరం మాత్రం మార్చి చూశాం, రెండు గంటలు. వేగం తగ్గలేదు, పసుపు కాస్త పెరిగింది. అంటే అదృష్టం దండగ కాదు. బలాన్ని తీసేసి దాని చోట్లో పెడితేనే దండగ. ముందు చంపగలగాలి, చాలాసార్లు చంపగలగాలి.

వాడు అప్లై చేసినవి మూడు.

ఐదు నెలల పైచిలుకుకు మూడు. ఈ భాగహారం చేయడానికి రిజిస్టర్ అక్కర్లేదు.

జూన్ 28, శనివారం

రాస్తాను. వేరే ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. నితీష్ స్నానానికి వెళ్లాడు. ఫోన్ సోఫా మీద మోగింది. తెలియని నంబరు. ఎత్తాను. ఒక అమ్మాయి, మియాపూర్ ఆఫీసు నుంచి. మంచి మర్యాదగా మాట్లాడింది. సోమవారం వచ్చి కాగితాలు చూసుకుంటారా అని అడిగింది. మాటలు అని కాదు, కాగితాలు అని. అంటే తీసుకున్నారన్నమాట.

వాడికి వేరే చోట దొరికిందమ్మా అన్నాను. పెద్ద కంపెనీలో అన్నాను. మళ్లీ ఫోన్ చేయనవసరం లేదు అన్నాను. మా అమ్మ గొంతు వచ్చింది నాకు ఆ నిమిషాన, ఇంటికి వచ్చినవాళ్లను గడపలోంచే పంపించే గొంతు.

సలహా ఇచ్చాను అని ఈ డైరీలో ముందు రాశాను. సలహా ఇచ్చింది నిజమే. వాడు చూద్దాంలే అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తింది నేను.

వాడు ఆ కంపెనీ మాట మళ్లీ ఎత్తకపోతే నా మాట నచ్చిందనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండింది. ఫోన్ లిస్టులో ఆ కాల్ ఉంది, చూసి ఉంటే కనపడేది, వాడు చూడలేదు. చూడకపోవడాన్ని కూడా ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాను.

ఈ కోపం ప్రశాంతి మీద అనుకున్నాను. తర్వాత ఆ గేమ్ తయారు చేసినవాళ్ల మీద అనుకున్నాను. నవనీత మీద కూడా కొంత వేశాను, దానికి అలవాటే.

రేపు చెబుతాను.

జూన్ 29, ఆదివారం

చెప్పాను. నవనీత కూరగాయలకు పోయినప్పుడు. టీవీ ఆపమన్నాను. ఎందుకన్నాడు. ఆపు అన్నాను.

"ఏప్రిల్ల మియాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. నువ్వు స్నానంల ఉన్నవ్. నేనెత్తిన. నీకు వేరే దొరికిందని చెప్పిన."

"నాకు ఎక్కడ దొరికింది?"

"ఎక్కడ దొరకలే."

నా మొహం చూశాడు. నేను ఏదో జోకు వేస్తున్నాననుకున్నాడేమో. నా జోకులకు వాడికి చిన్నప్పటి నుంచి అలవాటు, అందరికంటే ముందు నవ్వేవాడు.

"ఏమన్నరు వాళ్లు?"

"సోమవారం రమ్మన్నరు. కాగితాలు చూసుకోనీకి."

వాడు లేచాడు. బాల్కనీ దాకా పోయి వెనక్కి వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది, గొంతుల్లో నేను ఎవరికీ తీసిపోను.

"మూడు వారాలు ఫోన్ పక్కల పెట్టుకొని పన్న అమ్మమ్మా. ఆఖరికి బాత్రూంకు గూడ తీస్కపోయిన. ఇంత చిన్న కంపెనీకే పనికిరాకపోతే ఇంకెవలు తీస్కుంటరు అనిపిచ్చింది. ఆ తర్వాత అప్లై బటన్ మీద చెయ్యి పోలే. అందుకే సర్టిఫికెట్లు. నువ్వు జెప్పినవని గాదు. నాకేం రాదేమో అని."

నీ మంచికే అనుకున్న అని నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక తెలిసింది ఎంత చిన్న మాటో.

"నా మంచి నన్నడిగి చెయ్యరాదా?"

వాడు జవాబు కోసం నిలబడ్డాడు. నన్ను క్షమించమని అడిగాను. నా డెబ్భై ఒక్క ఏళ్లలో ఆ మాట ఎవరితో అన్నానో గుర్తు తెచ్చుకోవాలంటే కాస్త కూర్చోవాలి. వాడు విన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. తల్లికి చెప్పాడు. నవనీత వంటింట్లోంచి వచ్చి, నన్ను చూసి, ఏదో అనబోయి, అనకుండా మళ్లీ లోపలికి పోయింది. దాని నోట్లో మాట ఆగడం నేను మొదటిసారి చూశాను. అరిచి ఉంటే బాగుండేది.

జూన్ 30, సోమవారం

మోకాలికి మందు టేబుల్ మీద పెట్టి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు.

జూలై 3, గురువారం

హాల్లో టీవీ మోగడం లేదు. వాడు తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటున్నాడు. ప్రశాంతి ఫోన్‌లో ఉంటుంది, స్పీకర్ పెడతాడు, వినపడుతుంది. దాని గొంతు తలుపులను లెక్కచెయ్యదు. ఈ రోజు పందొమ్మిది పెట్టాడు. "ఏ కంపెనీ అని చూడకు, పెట్టుకుంట పో," అంటోంది అది. పాత ఆఫీసు పక్క టవర్‌లో ఉన్న ఆఫీసులు, గోపన్‌పల్లిలో వాడు ఒకప్పుడు రోజూ దాటిపోయిన ఆఫీసులు, పేరు వినని ఆఫీసులు.

మియాపూర్ వాళ్లకు కూడా రాశాడు. ఆ స్థానం ఏప్రిల్‌లోనే నిండిపోయిందని మర్యాదగా జవాబు వచ్చింది. ఇది నవనీత చెప్పింది నాకు, కూర వడ్డిస్తూ, నా వైపు చూడకుండా. ఆ అమ్మాయి ఇంకా మర్యాదగానే ఉందన్నమాట.

జూలై 9, బుధవారం

వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. రెండు గంటలకు వచ్చాడు. వద్దన్నారట. తల్లికి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. ఇంటర్వ్యూ చేసినవాడు తనకంటే చిన్నవాడట, ప్రశ్న తప్పు అడిగి, సరైన జవాబుకు తల అడ్డంగా ఊపాడట. చెబుతూ కాస్త నవ్వాడు.

నాకు ఆ ప్రశ్నలు అడిగినవాణ్ణి నా క్లాసులో కూర్చోబెట్టాలనిపించింది. కానీ ఆ కోపం వృథా. అంతకంటే పెద్ద తప్పు ఇంట్లోనే, నా దగ్గరే ఉంది.

జూలై 12, శనివారం

రెండు చోట్ల వద్దు. ఒకచోట చప్పుడు లేదు.

జూలై 17, గురువారం

ఆరు నెలలు.

పొద్దున్నే లేచి కూర్చున్నాను. వాడు మామూలుగా లేచి, మామూలుగా టీ తాగి, పదిన్నరకు ఒక వీడియో కాల్, పన్నెండుకు ఇంకొకటి. ఈ తేదీ దాటితే ఆకాశం ఊడి పడుతుందని మేము ముగ్గురం ఇన్నాళ్లు పళ్లు బిగించి కూర్చున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకొక పిలుపు వచ్చింది. గ్యాప్ ఎందుకుందని అడిగారట. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడట, కంపెనీ తీసేసింది, తర్వాత భయపడ్డాను అని. వాళ్లు సరే అని తర్వాతి ప్రశ్నకు పోయారట.

నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఏమీ అనడానికి లేదు.

జూలై 20, ఆదివారం

బోనాలు. నవనీత బోనం ఎత్తింది. మోకాలు వల్ల నేను గేటు దాకా పోయి అక్కడే కుర్చీ వేయించుకుని చూశాను. నితీష్ తల్లి పక్కన వేపమండలు పట్టుకుని నడిచాడు. వెళ్తూ నా కుర్చీ ఎండలో ఉందని చూసి, నీడలోకి జరిపి పోయాడు. నేను కుర్చీలో ఉండగానే జరిపాడు. నేను సామానులో లెక్క అయ్యాననుకున్నాను.

జూలై 22, మంగళవారం

పదమూడు.

ప్రశాంతి అడిగితే చెబుతుంటే విన్నాను. పదమూడు వద్దులు. "నా దాంట్ల ఇంక సగం గూడ గాలే," అంటోంది అది. నవ్వుతున్నారు ఇద్దరూ. ఆ నవ్వు మీద నాకు మొన్న కోపం ఉండేది.

జూలై 25, శుక్రవారం

సాయంత్రం కాస్త నడుద్దామని కిందికి దిగాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెంటయ్య గేటు దగ్గర లేచి నిలబడ్డాడు. మెదక్ దిక్కు మనిషి, నన్ను టీచరమ్మా అంటాడు, వాడి బిడ్డకు లెక్కలు రావడం లేదని రెండేళ్లుగా చెబుతున్నాడు.

"టీచరమ్మా, నితీష్ సారుకు నౌకరి దొరికిందంట గదా. మిఠాయి ఏది మరి?"

రేపు అన్నాను. మనవడికి ఉద్యోగం దొరికిన సంగతి వాచ్‌మన్ నోట తెలుసుకుని, ముందే తెలిసినట్టు మిఠాయి వాయిదా వేశాను. పెంటయ్య సంతోషంగా తల ఊపాడు. రెండు రౌండ్లు కొట్టాల్సిన దాన్ని అర రౌండుతో పైకి వచ్చేశాను.

లిఫ్టులో ఏడు అంతస్తులు. ఎవరి మీద కోపం రావాలో ప్రతి అంతస్తుకూ ఒకరిని అనుకున్నాను. ఏడో అంతస్తు దాకా ఎవరూ నిలబడలేదు, నేను తప్ప.

భోజనాల దగ్గర చెప్పాడు. తల్లికే చెప్పాడు, కానీ నేను కూడా అదే టేబుల్ దగ్గర ఉన్నాను, కుర్చీ మార్చమని ఎవరూ అనలేదు. కొండాపూర్‌లో. ఒక ఏడాది కాంట్రాక్టు. మధ్యాహ్నం షిఫ్టు, రెండింటి నుంచి. జీతం మియాపూర్ వాళ్లు ఇస్తామన్నదానికంటే తక్కువ. ఆ మాట వాడు దాచలేదు. మిగతా అంతా ఒక దమ్ములో చెప్పినవాడు ఆ ఒక్క మాట విడిగా, మెల్లగా చెప్పాడు.

నవనీత కొడుకు తల నిమిరింది.

నా నోట్లో నాలుగు వాక్యాలు తయారయ్యాయి. కాంట్రాక్టు గురించి ఒకటి, షిఫ్టు గురించి ఒకటి, మిగతా రెండూ జీతం గురించి. నాలుగూ నిజాలే. నాలుగింటికీ పదును ఉంది, ఆ వరుసలో చెబితే ఎవరూ జవాబు చెప్పలేరు. పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాను. ముద్ద మెత్తగా అయిపోయి వేళ్లకు అంటుకుంటోంది, ఇంకా కలుపుతున్నాను.

వాడు చూశాడు. నన్ను బాగా తెలిసినవాడు కదా.

"ఏమన్న అంటవా అమ్మమ్మా?"

నెల రోజుల్లో నాతో నేరుగా అన్న మొదటి మాట.

"ఎప్పటి నుంచి పోవాలె?" అన్నాను.

"సోమవారం."

"సరే."

ఇంకేదో వస్తుందని వాడు ఎదురుచూశాడు. నవనీత కూడా గరిటె పట్టుకుని ఆగింది. రాలేదు. వాడు మజ్జిగ గిన్నె నా వైపు జరిపాడు.

జూలై 28, సోమవారం

ఒంటిగంటకు బయల్దేరాడు. పోయొస్తా అన్నాడు. తల్లి ఆఫీసులో ఉంది, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, కాబట్టి నాతోనే అన్నట్టు.

మంచిది అన్నాను. అంతే అన్నాను.

ఆ నాలుగు వాక్యాలు ఇంకా నోట్లోనే ఉన్నాయి. ఇక్కడ కూడా రాయను. రాస్తే రేపు అనేస్తాను.